ఆవు గొంతులో మామిడికాయ అడ్డుపడింది: కోత లేకుండా తీయవచ్చా?

ప్రశ్న (పాడి రైతు, పాకాల మండలం):
మా జెర్సీ సంకర ఆవు ఈ ఉదయం తోపులో రాలిన తోతాపురి కాయలు తిన్నది. అప్పటినుంచి మెడ ముందుకు చాచి, తీగలా చొంగ కారుస్తూ, మింగబోయి మింగలేక దగ్గుతోంది. మెడ ఎడమ పక్కన, దవడకు జానెడు కింద, గట్టిగా ఒక ఉండ చేతికి తగులుతోంది. ఎడమ డొక్క కొంచెం ఉబ్బింది. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేశాను, డాక్టరు గారు రావడానికి గంట పడుతుందన్నారు. ఈలోగా నూనె తాగించి, నీళ్ల పైపుతో లోపలికి నెట్టేద్దామని పక్కింటివారు తొందరపెడుతున్నారు. చేయవచ్చా? ఆపరేషను తప్పదా?

జవాబు (పశువైద్యుడు, తిరుపతి):
దయచేసి రెండూ చేయవద్దు. అన్నవాహిక మూసుకుపోయినప్పుడు పోసిన నూనె శ్వాసనాళంలోకి జారి, ఊపిరితిత్తులకు న్యుమోనియా తెస్తుంది. మేత, నీళ్లు తీసేసి, చొంగ బయటికి కారేలా తల కిందికి వంచి ఉంచండి.

నిజానికి కాయకన్నా ముందు ప్రాణం తీసేది ఉబ్బరమే. త్రేన్పు రాక కడుపులో పేరుకున్న గ్యాసు ఊపిరితిత్తులను నొక్కేస్తుంది కాబట్టి, ఎడమ డొక్క డోలులా బిగిస్తే వెంటనే డాక్టరు గారికి మళ్లీ ఫోన్ చేయండి. వారు డొక్కలో ట్రోకార్ (గొట్టం తొడిగిన మొనదేలిన పరికరం) దింపి గ్యాసు వదిలితే, మిగతా పని నిదానంగా చేసుకునే వ్యవధి దొరుకుతుంది. మీరు చెప్పినట్టు అడ్డు మెడలోనే ఉంటే, మత్తు, కండరాలు సడలే ఇంజెక్షన్లు ఇచ్చి, నోరు మూసుకోకుండా పట్టి ఉంచే గ్యాగ్ పెట్టి, ఒకరు బయటినుంచి రెండు బొటనవేళ్లతో కాయను గొంతువైపు ఎక్కిస్తుంటే మరొకరు లోపల చేయి పెట్టి అందుకుంటారు. ఛాతీలోకి దిగినదైతేనే జారుడు ద్రవం పూసిన గొట్టంతో మెల్లగా నెట్టి చూస్తారు. కదలకపోతే బలవంతం చేయరు. నేను చూసినవాటిలో చాలావరకు కత్తి లేకుండానే తేలాయి.

మరో మాట: ఈ మధ్య ఆ ఆవును కుక్క కరిచిందేమో గుర్తు తెచ్చుకోండి. రేబిస్ కూడా మొదట అచ్చం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, మీరు నోట్లో చేయి పెట్టవద్దు.

జవాబు (రైతు, బంగారుపాళెం):
డాక్టరు గారి మాట వినండన్నా. మేము మా గేదెకు వెదురు కర్రతో నెట్టి, అడ్డు పోయిందని సంతోషించాము. మరునాడు మెడ ఉబ్బి, చర్మాన్ని నొక్కితే లోపల గాలి చిటపటమంది. అన్నవాహిక చిరిగిందని తెలిసేసరికి చేయగలిగింది లేకపోయింది, మూడో రోజు పోయింది. అప్పటినుంచి తోపులోకి తోలేముందు రాలిన కాయలు ఏరి, చెక్కలు కోసి మేపుతున్నాము.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కుక్క కరవలేదు. ట్రోకార్ అవసరం కాలేదు. ఇద్దరు కలిసి అరగంటకు పైగా పట్టుబట్టాక, తొక్క సగం గీరుకుపోయిన కోడిగుడ్డంత కాయ జిగురు చొంగతో బయటపడింది. సాయంత్రం ఎండుగడ్డి వేయవచ్చా?

జవాబు (పశువైద్యుడు, తిరుపతి):
రెండు మూడు రోజులు ఎండుగడ్డి వద్దు. నానబెట్టిన తవుడు, లేత పచ్చగడ్డి కొద్దికొద్దిగా పెట్టండి. జ్వరం, దగ్గు, లేదా మేత మళ్లీ ముక్కులోంచి రావడం కనిపిస్తే ఆ రోజే చూపించండి.