నేథన్ చెన్‌ను మార్చింది మానసిక శిక్షణా, నాలుగేళ్ల వయసా?

పార్వతి (మిన్నెసోటా):
మా ఇంట్లో వారం రోజులుగా తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. మా అమ్మాయికి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. పోటీలంటే బెదురు పోవడానికి మానసిక శిక్షకురాలి దగ్గరకు పంపితే మంచిదని రింకులో కోచ్ చెప్పారు. మావారేమో, కాళ్లకు నేర్పించడానికే ఇంత ఖర్చవుతుంటే మళ్లీ మనసుకు వేరే ఫీజు ఎందుకంటున్నారు.

ఆయనకు నేను చూపించిన ఉదాహరణ అమెరికా స్కేటర్ నేథన్ చెన్. గ్రాండ్ ప్రీ ఫైనల్, అమెరికా జాతీయ పోటీ గెలిచి 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు వచ్చిన ఆ కుర్రాడు, పోటీ మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రాంలో క్వాడ్ లుట్జ్ (గాలిలో నాలుగు చుట్లు తిరిగే ఒక జంప్) దగ్గర పడిపోయాడు. తరవాతి జంపులూ తడబడి, 82.27 పాయింట్లతో 17వ స్థానానికి జారిపోయాడు. మర్నాడు రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్లు వేసి, 215.08 పాయింట్లతో ఆ భాగంలో అందరికంటే ముందు నిలిచినా, మొత్తం మీద దక్కింది అయిదో స్థానమే. నాలుగేళ్ల తరవాత బీజింగ్‌లో అదే మనిషి షార్ట్‌లో 113.97తో ప్రపంచ రికార్డు నెలకొల్పి, మొత్తం 332.60తో స్వర్ణం గెలిచాడు. బీజింగ్‌కు ముందు అతడు ఎరిక్ పోటరాట్ అనే మనస్తత్వ నిపుణుడితో పనిచేశాడు; ఆయన అంతకుముందు అమెరికా నౌకాదళ కమాండోలతో పనిచేసినవారు. మనిషి అతడే, జంపులు దాదాపు అవే అయినప్పుడు మారింది మనసే కదా అని నా వాదన. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పార్వతి గారూ, మీరు వదిలేసిన అంకె ఒకటుంది. ప్యాంగ్‌చాంగ్ ముగిసిన నెల రోజులకే, 2018 మార్చిలో మిలాన్‌లో జరిగిన ప్రపంచ పోటీని చెన్ 47 పాయింట్లకు పైగా తేడాతో గెలిచాడు. నెల రోజుల్లో ఎవరి మనసూ అంతలా మారిపోదు. షార్ట్ ప్రోగ్రాంలో జంపులకు కేటాయించిన అంశాలు మూడే. మూడూ ఒకేరోజు చెడితే ఎంతటివాడైనా పదిహేడో స్థానానికి పోతాడు. ముప్ఫయ్యేళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దినవాడిగా చెబుతున్నాను: ఎప్పుడూ తొంభై తెచ్చుకునే పిల్లవాడికి ఒకసారి నలభై వస్తే, మీరు తిట్టినా, బుజ్జగించినా, తాయెత్తు కట్టినా, మరుసటిసారి తొంభైకి దగ్గరగానే వస్తాడు. మధ్యలో మనం చేసిన పనికి ఆ గొప్పంతా కట్టబెట్టడం మనకు అలవాటు.

నిక్కచ్చి నాగభూషణం:
చిన్న సవరణ. ఫ్రీ స్కేట్‌లో శుభ్రంగా దిగినవి అయిదు క్వాడ్లే. ఒకదానికి చేతులు మంచును తాకాయి. ఆరు అనడం సరికాదు.

పార్వతి (మిన్నెసోటా):
మాస్టారు గారూ, ఒక్కరోజు చెడిపోయిందంటే మీ లెక్క ఒప్పుకునేదాన్ని. కానీ వారం ముందు జట్టు పోటీలో కూడా అతడి షార్ట్ ప్రోగ్రాం ఇలాగే చెదిరిపోయి, 80.61 మాత్రమే వచ్చింది. వందకు పైన తెచ్చుకోగలిగినవాడు ఒకే మంచు మీద, ఒకే వారంలో, రెండుసార్లు ఎనభైల దగ్గర ఆగిపోతే దాన్ని యాదృచ్ఛికం అనవచ్చునా?

పైగా ఈ ఆటలో బెదురు ఎక్కడ దెబ్బ కొడుతుందో రింకు పక్కన నాలుగేళ్లు చలిలో కూర్చుని చూశాను. జంప్‌లో గాలిలో ఉండేది సెకను కంటే తక్కువ కాలం. ఆ కాస్తలో నాలుగు చుట్లు పూర్తి కావాలంటే చేతులు ఒంటికి బిగించి ఉండాలి. లిప్తపాటు సందేహం కలిగినా చేతులు విచ్చుకుంటాయి, నాలుగు చుట్లు కావలసింది రెండు చుట్లకో ఒక చుట్టుకో ముగిసిపోతుంది. దీన్ని రింకుల్లో 'పాప్' అంటారు. క్రికెట్‌లో ఒక బంతి తప్పినా తరవాతి బంతి ఉంటుంది, టెన్నిస్‌లో కూర్చుని నీళ్లు తాగవచ్చు. ఇక్కడ సంగీతం మొదలయ్యాక ఆపేవారుండరు, పడితే లేచి పాటను అందుకోవలసిందే. మిలాన్ విజయం మీకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతోంది. ఒంట్లో సత్తా ఉందని అది రుజువు చేసింది కనుక, నెల ముందు లోపించింది వేరే ఏదో అయి ఉండాలి.

నాగభూషణం గారూ, చేతులు తాకినా చుట్లు నాలుగూ తిరిగాడు, అందుకే ఆరు అన్నాను.

సత్తెనపల్లి సురేష్:
నాకు స్కేటింగ్ తెలియదు కానీ పెనాల్టీ కిక్ ముందు కాళ్లు వణకడం తెలుసు. పార్వతి గారి మాటే నిజం.

మాజీ షట్లర్:
ఇక్కడ అందరూ దాటవేస్తున్న విషయం ఒకటుంది. 17వ స్థానంలో ఉన్నవాడు ఫ్రీ స్కేట్‌లో రెండో బృందంలోనే వచ్చేస్తాడు. పతకం కోసం పోటీపడేవారు ఇంకా ఎక్కడో బూట్ల లేసులు బిగించుకుంటూ ఉంటారు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలలేదు కనుకే అతడు హాయిగా దూకాడు. 2014 సోచి ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ మావో అసాదా సంగతీ అంతే. షార్ట్‌లో 16వ స్థానం, మర్నాడు తన జీవితంలోకెల్లా ఎక్కువ స్కోరు, చివరికి ఆరో స్థానం. 2002 ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ సారా హ్యూస్ షార్ట్ తరవాత నాలుగో స్థానంలో ఉండి, తనను ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజున స్వర్ణం పట్టుకుపోయింది. ముందున్న మిషెల్ క్వాన్ కాంస్యానికి జారింది. బరువు దిగిపోతే ఆట దానంతట అదే వస్తుంది. ఆ బరువు ఎత్తిపెట్టేది ఎవరు? తల్లిదండ్రులు, కోచ్‌లు, టీవీలవాళ్లు. మీద వాళ్లే పెట్టి, మోయడం నేర్పిస్తామని మళ్లీ ఫీజు వాళ్లే వసూలు చేయడం ఏం న్యాయం?

అరుణ కె:
రియో ముందు సింధు ఫోను గోపీచంద్ గారు తీసేసుకున్నారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదీ మానసిక శిక్షణే కదా? పైసా ఖర్చు లేదు.

నిక్కచ్చి నాగభూషణం:
పార్వతి గారూ, చుట్లు తిరగడం వేరు, దిగడం వేరు. చేతులు మంచును తాకితే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారు. అంటే ఆ జంప్‌ను పూర్తిగా విజయవంతమైనదిగా వారే భావించలేదు. మౌలిక సమాచారంలోనే ఇలా ఉంటే చర్చ ఎటు పోతుంది?

పార్వతి (మిన్నెసోటా):
షట్లర్ గారూ, మీ సూత్రం 2018కి సరిపోతుంది, ఒప్పుకుంటాను. 2021 స్టాక్‌హోంకు సరిపోతుందేమో చూడండి. ప్రపంచ పోటీ షార్ట్‌లో చెన్ మళ్లీ అదే క్వాడ్ లుట్జ్ దగ్గర పడ్డాడు. కానీ ఈసారి పదిహేడుకు జారలేదు, మూడో స్థానంలో ఆగాడు. అంటే మొదటి జంప్ పోయినా మిగతా రెండూ పోనివ్వలేదు. పతకం చేతికి అందేంత దూరంలో ఉండగానే ఫ్రీ స్కేట్ చేసి, ముందున్న జపాన్ స్కేటర్ హన్యూను దాటి గెలిచాడు. ఇక బీజింగ్‌లోనైతే షార్ట్‌లో మొదటి స్థానం కనుక ఫ్రీ స్కేట్‌లో అందరికంటే చివర వచ్చాడు. తన బృందంలో మిగతా అయిదుగురూ ముగించేదాకా వేచి ఉండి, పోగొట్టుకోవడానికి సర్వస్వం ఉన్నవాడిగా మంచు మీదకు వెళ్లి అయిదు క్వాడ్లు దిగాడు. నేను చెబుతున్న తేడా అదే. పడకుండా ఉండడాన్ని ఎవరూ నేర్పలేరు, పడ్డ తరవాతి మూడు సెకన్లలో ఏం చేయాలో నేర్పవచ్చు.

లెక్కల మాస్టారు:
స్టాక్‌హోం నాటికి అతడికి ఇరవై ఒకటి నిండాయి, ప్యాంగ్‌చాంగ్‌లో పద్దెనిమిది. మధ్యలో రెండు ప్రపంచ టైటిళ్లు, పుట్టెడు అనుభవం. యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, కోచ్ కాలిఫోర్నియాలో ఉంటే తాను దేశానికి ఆ చివర ఒంటరిగా సాధన చేసుకున్నాడు. ఇన్ని కారణాల్లో మీరు ఒక్కదాన్ని ఎంచుకున్నారు, ఎందుకంటే ప్రస్తుతం మీరు దానికే ఫీజు కట్టబోతున్నారు.

2021 అక్టోబరులో, బీజింగ్‌కు నాలుగు నెలల ముందు, స్కేట్ అమెరికా పోటీలో అతడు మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ప్యాంగ్‌చాంగ్ తరవాత అదే తొలి ఓటమి. మీరన్న నిబ్బరం ఆ రోజు ఏమైంది? గెలిస్తే మనసు గొప్పది, ఓడితే లెక్కలోకి రాదు. ఇక రెండుసార్లు ఒలింపిక్ విజేత అయిన హన్యూ కంటే నిబ్బరం గలవాడెవరు? 2018కి ముందు చీలమండ గాయంతో దాదాపు మూడు నెలలు పోటీలే లేకుండా నేరుగా వచ్చి స్వర్ణం గెలిచాడు. అటువంటివాడు బీజింగ్ షార్ట్‌లో మంచు మీది గంటులో బ్లేడు పడి, నాలుగు చుట్ల సాల్‌కోను ఒక్క చుట్టుతో ముగించి ఎనిమిదో స్థానానికి పోయాడు. గంటుకు ఏ మానసిక శిక్షకుడు సమాధానం చెబుతాడు?

మాజీ షట్లర్:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం, కానీ ఆయన మర్యాదస్తులు కనుక అసలు మాట అనడం లేదు. నేను అంటాను. మన దగ్గర "మానసికంగా బలహీనం" అన్నది ఆటగాడి నెత్తిన తప్పు రుద్దడానికి వాడే మాట. అంతర విశ్వవిద్యాలయ పోటీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మోకాలు మడత పడడం లేదని మూడుసార్లు చెప్పాను. "నీకు ఒంట్లో ఏమీ లేదు, ఉన్నదంతా బుర్రలోనే" అన్నారు మా కోచ్. కళ్లు మూసుకుని గెలిచినట్టు ఊహించుకోమన్నారు. ఊహించుకున్నాను, ఆడాను, ఓడాను. రెండు నెలల తరవాత స్కానింగ్‌లో మృదులాస్థి చిరిగిందని తేలింది. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాను. పార్వతి గారూ, పదకొండేళ్ల పిల్లకు నీ మనసులో ఏదో లోపం ఉంది, దాన్ని బాగుచేయిద్దాం అని చెప్పబోతున్నారు. మీకు కావలసింది పతకం అయితే ఆ మాట సూటిగా చెప్పండి, చెన్‌ను అడ్డం పెట్టుకోకండి.

పార్వతి (మిన్నెసోటా):
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ కోపం మోసుకొచ్చి నా మీద దించుతున్నారు. నా బిడ్డకు పతకం కావాలని నేను ఎక్కడ రాశాను? నన్ను ఎరగకుండా ఎంత మాటన్నారు!

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. విషయం మీదే మాట్లాడండి.

నిక్కచ్చి నాగభూషణం:
అయిదా, ఆరా అన్నదానికి ఇంకా సమాధానం రాలేదు.

పార్వతి (మిన్నెసోటా):
మొదట రాయని సంగతి ఇప్పుడు రాస్తాను. పోటీ రోజున మా అమ్మాయి కారులోనే వాంతి చేసుకుంటుంది. సాధనలో చక్కగా వచ్చే ఆక్సెల్ జంప్ పోటీలో ప్రతిసారీ పాప్ అవుతుంది. పోయినసారి మంచు దిగి వచ్చి, "అమ్మా, డబ్బు వేస్టయిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు నిద్ర పట్టలేదు. దానికి స్కేటింగ్ ఇష్టం, మానిపిస్తానంటే ఏడుస్తుంది. ఇష్టమైన పని భయం లేకుండా చేసుకుంటే చాలు నాకు.

చెన్ కథలో నాకు నచ్చింది స్వర్ణం కాదు. ప్యాంగ్‌చాంగ్‌లో ఫలితం గురించే ఎక్కువ ఆలోచించానని అతడే తరవాత చెప్పుకున్నాడు. బీజింగ్‌కు వచ్చేసరికి ఆ అనుభవాన్ని ఆస్వాదించాలన్నది లక్ష్యంగా పెట్టుకున్నాడు, గిటారు వెంట తీసుకెళ్లాడు. అమెరికా స్కేటర్ అలీసా లియు పదహారేళ్లకే ఆట వదిలేసి ఇంటికి పోయింది. రెండేళ్లు మంచుకు దూరంగా ఉండి, తనంతట తానే తిరిగొచ్చి, 2025లో బోస్టన్‌లో ప్రపంచ విజేత అయింది. వాళ్లు బరువును వేరేచోట దించి వచ్చారు. దించడం ఎలాగో నాకు తెలియదు కనుక, తెలిసినవారి దగ్గరకు పంపుతానంటున్నాను.

లెక్కల మాస్టారు:
ఈ మాట మొదటే రాసి ఉంటే నేను మిలాన్ దాకా వెళ్లేవాణ్ని కాదు. చెన్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. మీరు చూపినది నిదర్శనం కాదు, ఉదాహరణ మాత్రమే. కానీ పిల్లకు వాంతులు ఆగడానికి నిదర్శనం అక్కరలేదు, పంపండి. అయితే ఫీజు సంగతి పిల్ల ముందు మాట్లాడకండి. డబ్బు వేస్టయిందా అన్న మాట దానికి మంచు మీద తట్టి ఉండదు, భోజనాల దగ్గర మీ వాదన విని నేర్చుకుని ఉంటుంది.

పార్వతి (మిన్నెసోటా):
మాస్టారు గారూ, ఈ మాట మావారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను.

మాజీ షట్లర్:
పతకం మాట అన్నందుకు క్షమించండి. మిగతాది వెనక్కి తీసుకోను. శిక్షకురాలి దగ్గరకు పంపేముందు ఒక్క పని చేయండి. ఆక్సెల్‌కు పైకి లేచేటప్పుడు ఒంటి బరువంతా ఒక కాలి మీద పడుతుంది. పోటీకి ముందు కొద్ది నిమిషాల వార్మప్ మాత్రమే ఉంటుంది, సాధనలోలా అరగంట ఒళ్లు వేడెక్కదు. ఆ కాలి చీలమండ నొప్పిగా ఉంటోందేమో ఎప్పుడైనా అడిగారా?

పార్వతి (మిన్నెసోటా):
అడగలేదు. బడి నుంచి మూడింటికి వస్తుంది, రాగానే అడుగుతాను.