కంప్యూటర్ చుట్టూ తిరిగే బుల్లి నల్ల ఈగలు: కుండీల్లోంచేనా?

కిటికీపక్క:
అందరికీ నమస్కారం. నెలన్నర నుంచి మా ఇంట్లో ఒక రకం బుల్లి ఈగలు. నల్లగా, సన్నగా, ఆవగింజకి కాళ్లొచ్చినట్టు ఉంటాయి. కిటికీ పక్కనే నా బల్ల, దాని చుట్టూ మెట్లలా పేర్చిన పదకొండు కుండీలు. పని చేసుకుంటుంటే సరిగ్గా ముక్కు ముందే ఎగురుతాయి. ఒకసారి తెర మీద వాలినదాన్ని ఫుల్‌స్టాప్ అనుకుని చెరపబోయాను. టీ కప్పు మీద మూత పెట్టకుండా పక్కకి తిరిగే వీల్లేదు.

మొదట పండ్ల మీద ముసిరే ఈగలనుకున్నాను. అరటిపండ్లు లోపల దాచాను, చెత్తబుట్ట రోజూ కడిగాను, గిన్నెలో వెనిగర్ పోసి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పెట్టాను. నాలుగు రోజులకి అందులో పడింది ఒక్కటి. అదీ దారి తప్పి పడిందేమో. తర్వాత వేపనూనె కలిపి ఆకులన్నీ తడిసేలా కొట్టాను. ఇల్లంతా వాసన పట్టింది గానీ ఈగలు తగ్గలేదు.

నిన్న పొద్దున మనీ ప్లాంట్‌కి నీళ్లు పోస్తుంటే మట్టిలోంచి ఓ పదిహేను లేచాయి. ఒళ్లు జలదరించింది. ఒక్క స్నేక్ ప్లాంట్‌కి తప్ప అన్నిటికీ రోజూ పొద్దున్నే తలా ఒక గ్లాసు నీళ్లు పోస్తాను. రెండు నెలల కింద వర్మీకంపోస్ట్ వేశాను. ఆకులు బాగానే ఉన్నాయి, పుదీనా నారు మాత్రం వాడిపోయి కూలింది.

ఇవి ఏమిటి? కుడతాయా? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, అందుకే టెన్షన్. మా ఆయన "కుండీలన్నీ బయట పెట్టెయ్, గొడవ వదులుతుంది" అంటున్నారు. అది తప్ప ఇంకేదైనా చెప్పండి.

మట్టిచేతులు:
అమ్మా, ముందు పాప సంగతి. మట్టిలోంచి లేచేవి నేననుకున్నవే అయితే కుట్టవు. కుట్టే నోరే లేదు వాటికి.

కంటి ముందు ఎగిరేవాటన్నిటినీ కలిపి మా అమ్మమ్మ నుసుములు అనేసేది. మందు వేయాలంటే మాత్రం ఏ నుసుమో తేల్చుకోవాలి. పండ్ల ఈగ లేత గోధుమరంగులో, కాస్త బొద్దుగా, ఎర్ర కళ్లతో ఉంటుంది. బాత్‌రూమ్ గోడ మీద బొచ్చు రెక్కలతో బుల్లి చిమ్మెటలా వాలేది డ్రెయిన్ ఈగ, దాని కాపురం మురుగు గొట్టంలో. కొమ్మ కదిపితే తెల్లపొడి రేగినట్టు లేచేది తెల్లదోమ, అది ఆకు అడుగున ఉంటుంది. మీరు చెప్పేది ఫంగస్ నాట్ లాగుంది. దోమని కుదించినట్టు పొడుగు కాళ్లు, పొడుగు మీసాలు. గట్టిగా ఎగరలేదు, మట్టి మీద పరుగెత్తడమే ఎక్కువ. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, రెక్కలో ఇంగ్లిష్ వై అక్షరంలా చీలిన ఈనె కనిపిస్తుంది.

దానితోపాటు బంగాళదుంప పరీక్ష కూడా చేయండి. తొక్క తీసి, వేలెడు మందం ముక్కలు కోసి, ఒక్కో కుండీలో ఒక్కోటి మట్టికి ఆనించి పెట్టండి. మూడు నాలుగు రోజులాగి తిప్పి చూడండి. అనుమానం ఉన్నవాటికే కాదు, పదకొండింటికీ పెట్టండి.

ఒక్కదెబ్బ:
ఇంత రామాయణం ఎందుకండీ? దోమల స్ప్రే కొట్టి గది తలుపులు మూసేయండి. నేను అదే చేశాను, సాయంత్రానికి నేలంతా రాలి పడ్డాయి.

మట్టిచేతులు:
రాలతాయి నాయనా. వారం తర్వాత ఏమైంది?

ఒక్కదెబ్బ:
మళ్లీ వచ్చాయి. మళ్లీ కొట్టాను.

కిటికీపక్క:
చిన్న పాప తిరిగే గదిలో స్ప్రే నా వల్ల కాదండీ.

ఫొటోలో వై కనిపించింది. ఇవాళ నాలుగో రోజు, ముక్కలు తిప్పాను. మనీ ప్లాంట్ ముక్క అడుగున పద్నాలుగు దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. గాజుదారం తుంపుల్లా ఉన్నాయి. ఒళ్లు ఎంత పల్చగా ఉందంటే కడుపులో ఉన్నది నల్లగీతలా బయటికే కనిపిస్తోంది. ఒక చివర మెరిసే నల్లచుక్క, అది తలనుకుంటా. వెలుగు తగలగానే మెలికలు తిరుగుతూ దుంపలోకే దూరాలని చూశాయి.

నేను అసలు అనుమానించని పీస్ లిల్లీలో అన్నిటికన్నా ఎక్కువ. స్నేక్ ప్లాంట్‌లో ఒక్కటీ లేదు, ముక్క ఎండి వంకర తిరిగింది. పుదీనా కూలిన కుండీలోనూ ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

మట్టిచేతులు:
ఆ నల్ల తలే గుర్తు. ఇక సందేహం లేదు.

ఎగిరే ఈగ బతికేది వారం, పది రోజులు. ఆలోగానే ఆడది తడిమట్టి సందుల్లో 200 దాకా గుడ్లు పెట్టగలదు. గది 24 డిగ్రీల వేడిలో ఉంటే గుడ్డు ఈగ కావడానికి అటూ ఇటూగా మూడు వారాలు. అంటే ఇవాళ ఎగిరేవాటన్నిటినీ చంపినా రేపు లేచేవి, వచ్చే వారం లేచేవి మట్టిలో వరసకట్టి ఉన్నాయి. పైన స్ప్రే కొట్టిన తమ్ముడి కథ అదే. పురుగు తిండి బూజు, కుళ్లే ఆకులు, సరిగా మాగని ఎరువు. లేత వేర్లూ కొరుకుతుంది. పెద్ద మొక్క తట్టుకుంటుంది, నారు తట్టుకోలేదు.

రోజూ గ్లాసు నీళ్లు పోసే అలవాటు ఇవాళే మానండి. వేలు రెండు కణుపులు మట్టిలో దించండి, పొడిగా తగిలితేనే నీళ్లు. పురుగులు ఎక్కువగా ఉండేది పై రెండు మూడు అంగుళాల్లోనే. అక్కడ ఆరితే గుడ్లూ పురుగులూ నిలవవు, ఈగ కూడా ఆ మట్టిని వదిలి తడి ఉన్నచోటు వెతుక్కుంటుంది. అందుకే అన్ని కుండీలూ ఒకేసారి ఆరబెట్టమంటాను.

పసుపు రంగు జిగురు అట్టలు కుండీకొకటి పెట్టండి. కర్రకి గుచ్చి ఎత్తున నిలబెట్టేకన్నా మట్టికి దగ్గరగా పడుకోబెడితే ఎక్కువ అంటుకుంటాయి. అట్టతోనే రోగం కుదరదు, గుడ్లు పెట్టేవి తగ్గుతాయి, మీకు లెక్క తెలుస్తుంది. అట్ట మీద తేదీ రాసుకోండి.

పురుగుకి మందు బీటీఐ అనే బ్యాక్టీరియా. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ ఒకసారి పోయాను. డబ్బా మీద బీటీ అని ఉంటే చాలదు. కుర్‌స్టాకీ అని ఉన్నది గొంగళిపురుగులకి, నాట్ పురుగుకి అది పనిచేయదు. ఇస్రాయెలెన్సిస్ అని ఉండాలి. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో ఒక నీటిగుంటలో దోమ పిల్లలు గుంపుగా చచ్చిపోతుంటే వాటి దగ్గర దొరికింది, అందుకే ఆ పేరు. లేబుల్ మీది కొలత ప్రకారం కలిపి, మామూలు నీళ్ల బదులు అదే పోయండి. పురుగు తింటేనే చస్తుంది, గుడ్డుకీ, ప్యూపాకీ (పురుగు ఈగగా మారే మధ్య దశ), ఈగకీ ఏమీ కాదు. కాబట్టి వారానికోసారి, కనీసం నాలుగు వారాలు.

ఒక కుండీ పోయినవాణ్ణి:
ఇసుక గురించి ఎవరైనా చెబుతారేమోనని ముందే రాస్తున్నా. అంగుళం మందాన పరిచాను. కొన్ని తగ్గినమాట నిజం, కానీ కుండీ అడుగు రంధ్రాల్లోంచి బయటికి రావడం కళ్లారా చూశాను. పైగా ఇసుక కింద మట్టి తడో పొడో తెలియక నీళ్లు ఎక్కువై మొక్కే కుళ్లింది. నా పేరు అలా వచ్చింది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు కలిపి కూడా పోశాను. బుసబుసా నురగొచ్చింది, తగిలిన పురుగులు చచ్చాయి, పది రోజులకి మళ్లీ మొదలు.

కిటికీపక్క:
ఐదు వారాలైంది, లెక్క చెబుదామని వచ్చాను. అన్ని అట్టలూ కలిపి మొదటి వారం 61. రెండో వారం 70! ఏడుపొక్కటే తక్కువ. వరసకట్టి ఉన్నాయన్న మాట గుర్తొచ్చి ఓపిక పట్టాను. మూడో వారం 33, నాలుగో వారం 19, అందులో 16 పీస్ లిల్లీ అట్ట మీదే.

దాంతో ఆ కుండీ ఎత్తి చూశాను. అందం కోసం ప్లాస్టిక్ కుండీని పింగాణీ కుండీలో దించి పెట్టాను. పింగాణీ దానికి అడుగున రంధ్రం లేదు. రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, పచ్చటి పాకుడు, చేపల తొట్టి వాసన. పైమట్టి ఆరిందని నేను సంబరపడుతుంటే అడుగున చెరువు ఉంది. రంధ్రాల అంచుల మీద రెండు నుసుములు తీరిగ్గా నడుస్తున్నాయి. పారబోసి కడిగాను. ఇప్పుడు నీళ్లు పోసిన అరగంటకి పింగాణీ కుండీలో చేరింది వంచేస్తున్నాను. ఈ వారం లెక్క 4. అట్టలు లెక్కపెట్టే పని మా ఆయన తీసుకున్నారు, మొక్కలు బయట పెట్టమనే మాట మానేశారు.

మళ్లీ పుదీనా వేద్దామనుకుంటున్నాను. వేయొచ్చా?

మట్టిచేతులు:
వేయండి. ఆ పాత మట్టిలో మాత్రం వద్దు. కొత్త కుండీని మూడు వారాలు వేరే గదిలో, పక్కన అట్టతో ఉంచి, తర్వాత బల్ల దగ్గరికి తెచ్చుకోండి. అవునూ, మిగిలిన వర్మీకంపోస్ట్ సంచి ఎక్కడుంది? మూతి కట్టారా?

కిటికీపక్క:
బల్ల కిందే ఉంది. కట్టలేదు. ఇప్పుడే తెరిచి చూశాను, లోపల్నుంచి మూడు లేచాయి.