విల్లా సవాయ్ స్తంభాలూ, మన పిల్లర్ల ఇళ్లూ ఒకటేనా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):
పారిస్ దగ్గరి ప్వాసీలో ఆర్కిటెక్టులు ల కార్బూజియే, పియేర్ జానెరేలు 1928–31 మధ్య కట్టిన విల్లా సవాయ్ అనే ఇంటి ఫోటోలను ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అమ్మాయి చూపించింది. కింద కారుకు జాగా వదిలి పిల్లర్ల మీద లేపే మన ఇళ్లు ఆ పద్ధతికి వారసులేనా? అటువంటి చదును స్లాబు, గోడ పొడవునా సాగే కిటికీలు మన ఎండకు పనికివస్తాయా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (నల్లగొండ, స్ట్రక్చరల్ ఇంజినీరు):
వారసత్వం సగమే. గోడ మీది బరువును తప్పించి పిల్లర్లకూ స్లాబులకూ అప్పగించడమనే ఆలోచన ల కార్బూజియే 1914లో గీసిన దోమ్-ఇనో అనే కాంక్రీటు ఇంటి నమూనాలోనే ఉంది. మన పాత మిద్దెల్లో దూలం గోడ మీద కూర్చునేది కాబట్టి, పైన అంతస్తు వేస్తే దాని గోడలు కింది గోడల మీదే లేవాలి. పిల్లర్లకు ఆ కట్టుబాటు లేదు. సవాయ్ ఇల్లు ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకుంది: కింది అంతస్తు గోడ కారు తిరిగే వంపును అనుసరిస్తుంది, నడుమ ర్యాంపు డాబా దాకా ఎక్కుతుంది, మొదటి అంతస్తులో కిటికీ పట్టీలా సాగిపోతుంది. మనమేమో పిల్లర్లకూ బీములకూ ఖర్చంతా పెట్టి, వాటి నడుమ మళ్లీ పాత గదుల పటాన్నే ఇటుకలతో నింపుకుంటాము. అన్నట్టు, పోతపోసినట్టు కనిపించే అక్కడి తెల్లని గోడలు కూడా చాలావరకు గిలాబు చేసిన కట్టుబడే.

ఒక హెచ్చరిక: కింద అంతా ఖాళీగా వదిలి పైన బరువైన గోడలు లేపిన అపార్టుమెంట్లు 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో కూలాయి. కింది పిల్లర్ల లెక్క ఇంజినీరుతోనే వేయించండి.

జవాబు (వనపర్తి):
సవాయ్ ఇల్లు కట్టిన కొద్దికాలానికే కురవడం మొదలైంది. ఇంటి యజమానురాలు శ్రీమతి సవాయ్ ఆర్కిటెక్టుకు పదేపదే ఉత్తరాలు రాయవలసి వచ్చింది. స్లాబులో దిగిన నీరు ఇనుపచువ్వలను చేరితే, తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. డాబాకు వాలు, నీటి గొట్టాలు ముందే చూసుకోండి.

జవాబు (నాగర్‌కర్నూల్):
ఎండ సంగతికి పాండిచ్చేరి అరవిందాశ్రమంలోని గోల్కొండ్ మంచి ఉదాహరణ. వసతి గృహమే అయినా, మన దేశపు తొలి ఆధునిక కాంక్రీటు కట్టడాలలో అదొకటి. దాని రూపకర్త ఆంటొనిన్ రేమండ్. నిర్మాణాన్ని దగ్గరుండి చూసినవారిలో జార్జ్ నకషిమా ఒకరు. నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో వచ్చిన విరాళం వల్లనే దానికి ఆ పేరు పెట్టారు. పొడవైన ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. అద్దాల కిటికీలకు బదులు తిప్పుకునే అడ్డ పలకలున్నాయి. స్లాబు మీద వంపు తిరిగిన కాంక్రీటు పలకలు పరచడంతో రెండింటి నడుమ గాలి ఆడి వేడి కిందికి దిగదు. ల కార్బూజియే కూడా తరువాత అహ్మదాబాదులోని షోధన్ ఇంటికి లోతైన ఎండ అడ్డులు పెట్టి, గొడుగులా వేరే పైకప్పు లేపాడు.

కాబట్టి పొడవాటి కిటికీ కావాలంటే సజ్జ వేసి ఉత్తరం వైపు పెట్టించండి. పడమటి గోడకు మాత్రం వద్దు.