అప్‌డేట్: మా కుంటలో క్రాపీ చేపలు ఎదుగుతున్నాయి

మిస్సోరీలో మేం కొన్న పొలంలో రెండెకరాల కుంట ఉంది, అందులో క్రాపీలన్నీ ఐదు అంగుళాల దగ్గరే ఆగిపోయాయి, కొత్త పిల్లలు తెచ్చి వదలాలా అని అడిగాను కదా. వద్దు, ఉన్నవాటినే తగ్గించండి అన్నారు చాలామంది. అదే చేశాం. మీ అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

చిన్న కుంటలో క్రాపీల సంఖ్య ఇట్టే పెరిగిపోతుంది, మేత చాలక అన్నీ గిడసబారతాయి. అందుకే పట్టిన క్రాపీ ఎంత చిన్నదైనా తిరిగి వదల్లేదు. 15 అంగుళాల లోపు లార్జ్‌మౌత్ బాస్ అనే వేటచేప గాలానికి పడితే మాత్రం వెంటనే నీళ్లలోకి. క్రాపీ పిల్లల్ని తిని అదుపులో పెట్టేది అవే మరి. ఈ వసంతంలో తొమ్మిది, పది అంగుళాల క్రాపీలు పడుతున్నాయి!

నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. బెండు కట్టి ఎరగా చిన్న మిన్నో (చిట్టి చేప) వేస్తే చాలు. ఆ ఎర, క్రాపీ ఉన్న లోతు కన్నా కాస్త పైన ఉండాలి, క్రాపీ పైకి లేచి తింటుంది. మూతి కాగితమంత పలచన. గట్టిగా గుంజితే చిరిగిపోయి చేప జారిపోతుంది, మెల్లగా ఎత్తాలి.

చిన్నవాటిని పారేయకండి. పొలుసు తీసి, గాట్లు పెట్టి, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి వేయిస్తే పిల్లలు ప్లేటు ఖాళీ చేస్తున్నారు.