ఈ వారం సమస్య: పతియె లేని యామె ప్రథమ మహిళ

నిర్వాహకులు:
శ్వేతసౌధంలో ఆతిథ్య బాధ్యత వహించిన స్త్రీల గురించి చదువుతుంటే ఈ పాదం దానంతటదే కుదిరింది. అధ్యక్షుడి భార్యే కదా ప్రథమ మహిళ! మరి పతి లేకపోవడం ఎలా? పూరించండి. ‘అనుట తప్పు’, ‘అనగ నగిరి’ అని చివర తప్పించుకునే పూరణలు మాత్రం ఈసారి స్వీకరించను.

మంజీర:
పెండ్లి లేని దొరకు బిడ్డగా మేనకో
డలె గృహమున దివ్వెవెలుగు నింపె;
శ్వేతసౌధమందు సేవించి యతిథుల
పతియె లేని యామె ప్రథమ మహిళ.

దొర జేమ్స్ బుకానన్ (1857–61). జీవితాంతం బ్రహ్మచారిగా ఉండిపోయిన అధ్యక్షుడు ఆయన ఒక్కరే. తల్లిదండ్రులు పోయిన మేనకోడలు హారియట్ లేన్‌ను ఆయనే పెంచారు. ఆమె పెళ్లి 1866లో, అంటే ఆ ఇల్లు వదిలిన అయిదేళ్లకు.

నాగావళి:
మంజీర గారూ, భావం బాగుంది. కానీ రెండో పాదం మొదటి గణం చూడండి. ‘గృ’ ముందున్న ‘లె’ గురువు కాదా? గణం చెడింది.

మంజీర:
చెడలేదు. అది వట్రసుడి, క్రారవడి కాదు. ‘గృ’లో ఉన్నది ఒకే హల్లు, దాని మీద ఋకారం. అందువల్ల ‘లె’ లఘువే.

నిర్వాహకులు:
మంజీర గారిదే సరి. ‘మేనకో – డలె’ అని విరిచి ప్రాసయతితో నిలబెట్టడం నాకు నచ్చింది.

నాగావళి:
ఒప్పుకుంటున్నాను. ఇదిగో నా పూరణ:

జాక్సనునకు భార్య చనిపోవ నెమిలియే
యింటి పెత్తనంబు నెత్తుకొనియె;
నాటి సభలలోన నాయకు చెంతను
పతియె లేని యామె ప్రథమ మహిళ.

ఆండ్రూ జాక్సన్ గెలిచాక, పదవి చేపట్టక ముందే 1828 డిసెంబరులో రేచెల్ కన్నుమూసింది. ఆమె పుట్టింటి వైపు మేనకోడలు ఎమిలీ డోనెల్సన్ ఇంటి బాధ్యత తీసుకుంది.

మంజీర:
నడక చక్కగా ఉంది. ‘నెమిలియే’ దగ్గర గణం ఎంత ఒద్దికగా కూర్చుందో! కానీ నాగావళి గారూ, ఎమిలీకి పతి ఉన్నాడు. ఆండ్రూ జాక్సన్ డోనెల్సన్. అదే ఇంట్లో, అధ్యక్షుడికే ఆంతరంగిక కార్యదర్శి. పోయింది జాక్సన్ భార్య. ఎమిలీ భర్త కాదు. సమస్య అడిగినది పతి లేని స్త్రీని.

మీరు చరిత్రను కొంచెం తొందరగా తడుముతారు. ‘గడ్డమునకు వేరు కన్నె జాబు’ సమస్యకు మీ పూరణలో లింకన్‌కు మీసం కూడా పెట్టారు. గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పిల్ల 1860 అక్టోబరులో గడ్డం పెంచుకోమని ఉత్తరం రాస్తే ఆయన గడ్డమే పెంచారు. అధ్యక్షుడిగా దిగిన ఏ ఫొటోలోనూ పైపెదవి మీద వెంట్రుక లేదు.

గోస్తని:
ఆ మీసం వివాదం మళ్లీ ఎందుకండీ! ఎమిలీ కథలో పద్యానికి పనికొచ్చేది వేరే ఉంది. యుద్ధ మంత్రి ఈటన్ భార్య పెగ్గీని ఆమె దూరం పెట్టింది. జాక్సన్‌కు కోపం వచ్చింది. 1830లో ఎమిలీ టెనెసీకి వెళ్లిపోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడు మంత్రివర్గమే దాదాపుగా రాజీనామా చేసింది. ఒక ఇంటి గడప దగ్గర పలకరింపు ఎంత దూరం పోయిందో చూడండి.

నాగావళి:
మీసం సంగతి అప్పుడే సవరించాను, మంజీర గారికి అది గుర్తులేదు. ఎమిలీని వెనక్కి తీసుకుంటున్నాను. ఈమెకు నిజంగా పతి లేడు:

అన్న పెండ్లిదాక నాతిథ్యమును జూచె
చెల్లెలైన రోజ చేయి గలిపి;
గ్రీకు క్రియల మదిని గిరగిర ద్రిప్పెడి
పతియె లేని యామె ప్రథమ మహిళ.

గ్రోవర్ క్లీవ్‌లాండ్ 1885లో బ్రహ్మచారిగా అడుగుపెట్టారు. చెల్లెలు రోజ్ ఉపాధ్యాయురాలు, రచయిత్రి. అతిథుల వరుస తరగక విసుగు పుట్టినప్పుడు మనసులో గ్రీకు క్రియారూపాలు వల్లించుకునేదని చెబుతారు. 1886 జూన్ 2న శ్వేతసౌధంలోనే అన్న ఫ్రాన్సెస్ ఫోల్సమ్‌ను పెళ్లాడే దాకా ఆమే ఇల్లు నడిపింది.

మంజీర:
మూడో పాదం నేను రాసి ఉంటే బాగుండేది అనిపించింది. చేతులు కలుపుతూ లోపల ధాతువులు తిప్పుకునే మనిషిని ఒక్క ‘గిరగిర’తో కళ్లముందు నిలిపారు. అయితే ‘గ్రీకు క్రియల’ సమాసం. ‘క్రి’ ముందు ‘కు’ గురువవుతుంది. ఇది వట్రసుడి కాదు, నిజంగా క్రారవడే. ‘గ్రీకు ధాతు లెల్ల’ అంటే గణం నిలుస్తుంది, అర్థం ఇంకా బిగుస్తుంది.

నాగావళి:
‘ధాతు లెల్ల’ తీసుకున్నాను. కృతజ్ఞతలు.

గోస్తని:
నేను పదాన్ని పై పాదంలోకి జరిపాను:

మగడు మంచమెక్క మంత్రుల కేకాంత
దర్శనంబు నిడక తలుపు మూసె;
ఎడితు మాటె యాజ్ఞ. యింటిలో నిక నధి
పతియె లేని యామె ప్రథమ మహిళ.

1919 అక్టోబరు 2న వుడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. ఆయన మంత్రివర్గంతో మళ్లీ కూర్చున్నది 1920 ఏప్రిల్‌లో. ఈలోగా ఏ కాగితం ఆయన దాకా వెళ్లాలో తేల్చినది భార్య ఈడిత్.

నిర్వాహకులు:
‘అధి – పతియె’ విరుపు ఈ వారం వచ్చినవాటిలో పదునైనది. భర్త ఉండగానే సమస్య తీరిపోయింది!

నాగావళి:
విరుపు అద్భుతం. పేరు మాత్రం కుదించారు, ఆమె ఈడిత్. ‘ఈడి తాడు మాటె’ అనవచ్చు కదా?

గోస్తని:
ఆలోచించాను. చెవికి ‘తాడు’ వినబడుతోంది. అందుకే మానుకున్నాను. ఇంకో మాట. నిర్ణయాలేవీ తాను చేయలేదనే ఆమె చివరిదాకా చెప్పింది. నా ‘ఆజ్ఞ’ ఆ మాటకు ఎదురు నిలుస్తుంది, తెలిసే వాడాను. తలుపు దగ్గర నిలబడి ఏది లోపలికి పోవాలో ఎంచడం కూడా ఆజ్ఞే.

పినాకిని:
ఆలస్యంగా వచ్చాను. అందరూ పెళ్లి కానివారినే వెతికారు. భర్త పోయినామె కూడా పతి లేని ఆమే కదా?

నాథుడేగె, నిలిచె నానాజనావళి
హక్కులకయి పోరి యైక్యసభను;
జగతి కెల్ల నేడు – చాటెను ట్రూమను –
పతియె లేని యామె ప్రథమ మహిళ.

1945 ఏప్రిల్ 12న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పోయారు. ఎలినార్ శ్వేతసౌధం ఖాళీ చేసి వెళ్లింది. ఆ ఏడాది చివరికే ట్రూమన్ ఆమెను ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా పంపారు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది. ప్రపంచపు ప్రథమ మహిళ అని ఆమెను పిలిచినది ట్రూమనే.

మంజీర:
‘నానాజనావళి’ చూసి ఆగిపోయాను. ఆ ప్రకటన మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న మాట ‘మానవులందరూ’ అయింది మన హంసా మెహతా పట్టుదల వల్ల. ఎలినార్ అధ్యక్షత వహించిన సంఘంలోనే. మీరు ఎంచుకున్న ‘జన’ శబ్దంలో స్త్రీలూ ఉన్నారు. అనుకునే వేశారా?

పినాకిని:
అనుకునే వేశాను. ముందు ‘నానానరావళి’ అని రాసి కొట్టేశాను.

నాగావళి:
‘చాటెను ట్రూమను’ దగ్గర ‘ను’ గురువా, లఘువా అని సందేహించాను. గురువైతే రగణం, లఘువైతే భగణం. రెండూ ఇంద్రగణాలే. పినాకిని గారి పాదం ఎటు చూసినా నిలుస్తుంది.