ఇంటి పన్ను మూడు రెట్లయింది, బడ్జెట్ మీటింగ్‌ల ఏం అడగాలె?

సాగర్‌రోడ్:
పొద్దటి నుంచి ఇదే పని మీద కూసున్న, అంతు చిక్కుతలేదు. మాది నల్లగొండ జిల్లాల చిన్న మున్సిపాలిటీ. పోయినేడు దాకా ఇంటి పన్ను ఆరు నెలలకు 1,089 రూపాయలు. ఇప్పుడు 3,266 వచ్చింది. ఆన్‌లైన్‌ల చూసినా గదే. బిల్ కలెక్టర్‌ను అడిగితే "సిస్టమ్‌ల అట్లనే ఉంది" అంటడు. బడ్జెట్ కాగితం చూస్తే ఆస్తి పన్ను కింద పోయినేడు అంచనా 2 కోట్ల 10 లక్షలు, ఈ ఏడు 2 కోట్ల 85 లక్షలు రాసిండ్రు. అంటే రేటు పెంచినట్టే గదా? ఎవరికీ చెప్పకుండ ఎట్ల పెంచుతరు? వచ్చే వారం బడ్జెట్ మీద మీటింగ్ ఉంది, లేచి అడుగుత. పెంచిన జీవో నెంబర్ ఎవరికన్న తెలిస్తే పెట్టుండ్రి.

మూసీగట్టు:
బిల్లు ఫోటో పెట్టండి. వైశాల్యం, వాడకం, కట్టిన సంవత్సరం కనపడాలి. అవి లేకుండా జీవో వెతికి లాభం లేదు.

గ్రంథాలయమిత్ర:
ఆ 3,266లో మున్సిపాలిటీది కాని డబ్బు కూడా ఉంది, ముందు అది విడదీయండి. ప్రతి ఆస్తి పన్ను బిల్లులో పన్నుపై 8 శాతం గ్రంథాలయ సెస్సు కలుస్తుంది. మున్సిపాలిటీ దాన్ని వసూలు మాత్రమే చేస్తుంది, జమ చేయాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. మీ లెక్క ప్రకారం అర్ధ సంవత్సరానికి అసలు పన్ను 3,024, సెస్సు 242. బడ్జెట్‌లో చూపిన 2 కోట్ల 85 లక్షల్లో ఈ సెస్సు కలిపారా, విడిగా చూపారా? కలిపితే ఆదాయం లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. పత్రికలకు, పుస్తకాలకు, మంచినీళ్లకు లైబ్రరీలు దేబిరిస్తున్నాయంటే ఈ డబ్బు సకాలంలో చేరకపోవడమే కారణం. మీటింగ్‌లో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

తైబజార్:
75 గజాల లోపు జాగాలో ఇల్లుంటే ఏడాదికి 100 రూపాయలే పన్ను. 2019 మున్సిపల్ చట్టంలో ఉంది. అది అడగండి.

సాగర్‌రోడ్:
మా జాగ 130 గజాలు అన్న. 100 రూపాయల ముచ్చట మాకు రాదు. బిల్లుల వైశాల్యం 84 చదరపు మీటర్లు, ఒక్కటే అంతస్తు, ఆర్‌సీసీ. వాడకం కాడ "నివాసేతరం" అని ఉంది.

మూసీగట్టు:
ఇంట్లో దుకాణం ఉందా?

సాగర్‌రోడ్:
ముంగట ముల్గీ ఒకటుంది, కిరాణ దుకాణానికి కిరాయికి ఇచ్చినం. 10 ఫీట్లు, 15 ఫీట్లు. మిగతాదంత మేమే ఉంటం. అది చిన్నదే గదా, దానికీ దీనికీ ఏం సంబంధం?

పాలమూరు_లెక్కలు:
సంబంధమంతా దానితోనే. మీ బిల్లు వేరు, బడ్జెట్ అంకె వేరు. రెండూ ఒకే సంచిలో వేస్తే మీటింగ్‌లో మీ మాట నిలబడదు. ముందు బిల్లు సంగతి చూద్దాం.

1,089ని మూడుతో గుణిస్తే 3,267. అందరికీ కలిపి రేటు పెంచితే ఇంత కచ్చితంగా మూడు రెట్లు పడటం చాలా అరుదు. ఒక ఇంటి వాడకం కాలమ్ మారితేనే ఇట్లా వస్తుంది. మన దగ్గర పన్ను వార్షిక అద్దె విలువ మీద వేస్తారు. ప్లింత్ వైశాల్యాన్ని (గోడల మందంతో కలిపి కట్టడం వైశాల్యాన్ని) చదరపు మీటరుకు నెల అద్దె విలువతో గుణించి, 12 నెలలకు లెక్కగట్టి, దాని మీద పన్ను శాతం వేస్తారు. ఆ అద్దె విలువ జోన్‌ను బట్టి, కట్టడం రకాన్ని బట్టి, వాడకాన్ని బట్టి మారుతుంది.

పద్ధతి అర్థం కావడానికి నివాసానికి 8 రూపాయలు, దుకాణానికి 24, పన్ను 25 శాతం అనుకుందాం. మీ వార్డు అసలు రేట్లు ఆఫీసులో అడిగి తీసుకోండి. 84 మీటర్లూ నివాసమైతే అద్దె విలువ ఏడాదికి 8,064, పన్ను 2,016, సెస్సుతో 2,177. ఆరు నెలలకు 1,089. మొత్తం దుకాణమైతే అద్దె విలువ 24,192, పన్ను 6,048, సెస్సుతో 6,532. ఆరు నెలలకు 3,266. రెండూ మీ బిల్లులే. అంటే ఇన్నాళ్లూ ముల్గీని కూడా ఇల్లుగా రాశారు, ఇప్పుడు ఇంటిని కూడా ముల్గీగా రాశారు.

విడదీస్తే ముల్గీ 14 చదరపు మీటర్లు (150 చదరపు అడుగులు), ఇల్లు 70. నెలకు 336, 560 కలిపి 896. ఏడాదికి 10,752. పన్ను 2,688, సెస్సుతో 2,903. ఆరు నెలలకు దాదాపు 1,452 రావాలి. పాత 1,089 మాత్రం తిరిగి రాదు, అది ఆశించకండి.

భువన్ అనే మ్యాపింగ్ యాప్‌తో ఇళ్లు సర్వే చేసినప్పుడు ముందు నుంచి ఫోటో తీస్తారు. ఫోటోలో షట్టర్ కనపడితే మొత్తం కట్టడాన్ని నివాసేతరంలో వేసేయడం ఇట్లాంటి ఇళ్లకు జరిగే తప్పే.

తైబజార్:
ఏదైతేనేం, జేబులోంచి ఎక్కువ పోతే జనానికి అది పెంపే. పేరు మార్చి చెబితే ఎట్లా? మా చుట్టాలకు రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తున్నారు, అదే ఇక్కడా తెచ్చారేమో.

పాలమూరు_లెక్కలు:
రిజిస్ట్రేషన్ విలువ మీద పన్ను ఆంధ్రలో, 2021-22 నుంచి. ఇక్కడ అద్దె విలువే. పెంపు అనడం తప్పని నేను అనను, కానీ దేనికి ఎవరి దగ్గరికి పోవాలో వేరు. శాతం గానీ అద్దె విలువ గానీ మారితే ఊరంతటికీ నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద కౌన్సిల్‌లో, ప్రభుత్వంలో కొట్లాడాలి. ఒక్క ఇంటి వాడకం తప్పుగా పడితే కమిషనర్‌కు రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్లీ లెక్కగట్టమనే అర్జీ ఇవ్వాలి. ఆ పని మీటింగ్‌లో తేలదు.

సాగర్‌రోడ్:
పిటిషన్‌కు ఏమేం పెట్టాలె? స్పెషల్ నోటీసు అని ఒక కాగితం వచ్చింది, పక్కకు పెట్టిన.

మూసీగట్టు:
అది తీసి చూడండి. గడువు దాని మీదే ఉంటుంది. ఆలోపే ఇవ్వాలి.

డోర్‌నెంబర్:
పెట్టాల్సినవి: అసెస్‌మెంట్ నెంబర్ ఉన్న పాత బిల్లు, కొత్త బిల్లు, స్పెషల్ నోటీసు కాపీ. ఇంటి నక్షా చేత్తో గీసినా చాలు, కానీ బయటి గోడ నుంచి బయటి గోడకు కొలవాలి. ప్లింత్ అంటే గోడల మందం కూడా కలుస్తుంది. లోపల గది కొలిచి రాస్తే వాళ్ల కొలతతో సరిపోదు, మళ్లీ తిప్పుతారు. ముల్గీని వేరే రంగుతో చూపండి. కిరాయి అగ్రిమెంట్ కాపీ పెట్టండి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం కరెంటు బిల్లు. ముల్గీకి వేరే మీటర్ ఉంటే దాని బిల్లు మీద కేటగిరీ 2 అని, ఇంటి మీటర్‌కు కేటగిరీ 1 అని ఉంటుంది. రెండు బిల్లులూ పక్కపక్కన పెడితే విడదీయక తప్పదు. ఒకే మీటర్ మీద దుకాణం కూడా నడుపుతుంటే ముందు అది సరిచేసుకోండి.

ఇంకొకటి, "మొత్తం నివాసమే" అని మాత్రం రాయకండి. 2019 చట్టం ప్రకారం స్వీయ ధ్రువీకరణలో (ఇంటి వివరాలు మనమే రాసిచ్చే దాంట్లో) తప్పు చూపితే పన్నుకు 25 రెట్లు జరిమానా. ముల్గీ ఉన్నది ఉన్నట్టు రాసి విడదీయమని అడగండి. ఇన్‌వర్డ్ నెంబర్, తేదీ వేసిన ముద్ర లేకుండా ఆఫీసు నుంచి బయటికి రాకండి.

గ్రంథాలయమిత్ర:
సెస్సు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

సాగర్‌రోడ్:
పిటిషన్ తేలేదాక పన్ను కట్టాల్నా, ఆపాల్నా?

డోర్‌నెంబర్:
ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ 30, రెండో దానికి డిసెంబర్ 31 గడువు. కట్టేసి, ఎక్కువ కట్టింది తర్వాతి అర్ధ సంవత్సరంలో సర్దమని పిటిషన్‌లోనే రాయండి. ఏప్రిల్ 30 లోగా ఏడాది మొత్తం కడితే 5 శాతం రాయితీ కూడా ఉంది.

పాలమూరు_లెక్కలు:
ఇక బడ్జెట్. 2 కోట్ల 85 లక్షలంటే రేటు పెరిగిందని కాదు. ఆస్తి పన్ను పద్దులో ఈ ఏటి డిమాండ్ (ఈ ఏడు వసూలు కావాల్సిన పన్ను), పాత బకాయి రెండూ కలుస్తాయి. పోయినేడు వసూలు కానిది ఈ ఏడు బకాయిగా వచ్చి చేరుతుంది, దాని మీద వడ్డీ కూడా పెరుగుతుంది. అందుకే అసలు వసూలు ఎదగకపోయినా అంచనా ఏటేటా ఉబ్బుతుంది. ఆ అంచనాను నమ్మి మోరీలకు, సీసీ రోడ్లకు పద్దులు రాస్తారు, మార్చిలో డబ్బు రాదు, పని ఆగుతుంది, కాంట్రాక్టర్ బిల్లు మరుసటేటికి పోతుంది. ప్రజలు కొట్లాడాల్సింది ఈ చోట.

అడగాల్సింది డీసీబీ, అంటే డిమాండ్, వసూలు, నిల్వల పట్టిక. వార్డుల వారీగా, పాతదీ ఈ ఏటిదీ వేర్వేరుగా. బడ్జెట్ పుస్తకంలో మీరు అంచనా కాలమ్ చూశారు. దాని పక్కన గడిచిన ఏటి అసలు వసూలు కాలమ్ ఉంటుంది, అది చూడండి. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో దాన్ని పట్టుకుని అడగండి. బకాయిల్లో ప్రభుత్వ ఆఫీసుల వాటా ఎంత అని కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణం కింద పన్ను మినహాయింపు ఉంది, రాష్ట్ర ఆఫీసులకు ఆ మినహాయింపు వర్తించదు.

తైబజార్:
పన్ను పెంచకుంటే 15వ ఆర్థిక సంఘం డబ్బు రాదన్నారు. అందుకే పెంచుతారు, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా.

పాలమూరు_లెక్కలు:
ఆ సంఘం 2021-26కు పెట్టిన షరతు అట్లా లేదు. రాష్ట్రం కనీస రేట్లు నోటిఫై చేయాలి, వసూలు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగినంత వేగంగా పెరగాలి. ఉన్న డిమాండ్‌ను సక్రమంగా వసూలు చేసినా ఆ షరతు తీరుతుంది. కట్టేవాళ్ల మీదే రేటు పెంచాలని ఎక్కడా లేదు.

తైబజార్:
వసూలు పెరగాలంటే మళ్లీ జనం మీదే కదా పడేది.

పాలమూరు_లెక్కలు:
కట్టనివాళ్ల మీద పడాలి.

డోర్‌నెంబర్:
మీటింగ్‌లో పట్టిక ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఎందుకు పెంచారు" అని రాస్తే జవాబు రాదు, "ఫలానా పట్టిక నకలు ఇవ్వండి" అని రాయాలి. అదే దరఖాస్తులో మీ ఇంటి అసెస్‌మెంట్ రిజిస్టర్ పేజీ, సర్వే ఫోటో నకలు కూడా అడిగితే పిటిషన్‌కు పనికొస్తాయి.

సాగర్‌రోడ్:
ముల్గీకి వేరే మీటరే ఉంది. నోటీసుల గడువు ఇంక నాలుగు రోజులు ఉంది. రేపు పోయి ఇస్త. థ్యాంక్స్ అన్న.

గ్రంథాలయమిత్ర:
ఆ ఆర్టీఐలో ఒక్క లైన్ చేర్చండి: "గత మూడు సంవత్సరాల్లో వసూలైన గ్రంథాలయ సెస్సు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత, ఏ తేదీన, చెల్లింపు పత్రాల నకళ్లు."

మూసీగట్టు:
సెస్సుకు వేరే దరఖాస్తు పెట్టండి. రెండు విషయాలు కలిపితే రెండూ ఆలస్యమవుతాయి.

గ్రంథాలయమిత్ర:
ఒకే ఆఫీసు, ఒకే అకౌంట్స్ సెక్షన్. ఎందుకు ఆలస్యమవుతుంది?

మూసీగట్టు:
ఇంటి రిజిస్టర్ రెవెన్యూ సెక్షన్‌లో ఉంటుంది. చెల్లింపు పత్రాలు అకౌంట్స్‌లో. ఒకరి కోసం ఒకరు ఆగుతారు.