డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి ట్యూన్ లేకుండా సరిపడే ఇన్‌టేక్ ఏది?

కారు 2018 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, మాన్యువల్. ఉండేది డాలస్‌లో. ఇంజిన్ స్టాక్ (కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది), ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించలేదు. పోయిన నెల ఓపెన్ ఫిల్టర్ (చుట్టూ బాక్సు లేనిది) ఉన్న కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి తెచ్చే పైపు, ఫిల్టర్) ఒకటి బిగించాను. టర్బో ఈల శబ్దం అదిరిపోయింది, కాదనను. మూడో రోజే చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పి0171, అంటే లీన్, గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని.

హైవే మీద 65 మైళ్ల వేగంలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం సర్దుతోందో చూపే లెక్క) +16. కారుతో వచ్చిన పాత ఫిల్టర్ బాక్సుతో +3 దాటేది కాదు. పైగా ట్రాఫిక్‌లో ఆగితే లోపలికెళ్లే గాలి 63 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది.

మాఫ్ సెన్సర్‌ని (లోపలికెళ్లే గాలిని కొలిచేది) దాని స్ప్రేతోనే కడిగాను. క్లాంపులన్నీ మళ్లీ బిగించాను. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీసెట్ చేశాను. స్మోక్ టెస్టులో (పైపుల్లోకి పొగ పంపి చూస్తే) లీకు లేదు. పాత బాక్సు తిరిగి పెడితే రెండు రోజుల్లో ట్రిమ్ మామూలుకొచ్చింది. కాబట్టి తేడా సెన్సర్ కూర్చునే పైపు వ్యాసంలోనే ఉందనుకుంటున్నాను. పైపు లావైతే సెన్సర్ దగ్గర గాలి వేగం తగ్గి, ఈసీయూ తక్కువ గాలి వచ్చిందనుకుని పెట్రోలు తక్కువ పోస్తుంది కదా.

వారంటీ గొడవలు వద్దు కాబట్టి ట్యూన్ ఇప్పట్లో చేయించను. ఇదే ఇంజిన్ మీద, ట్యూన్ లేకుండా, ట్రిమ్ 5 శాతం లోపు నిలిచిన మూత బాక్సు ఇన్‌టేక్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, అది ఏ మోడల్?